మోడల్ రాకెట్ తయారీ, 5వ పాఠం: మళ్లీ లగ్గులే, వీలైతే స్క్రూ ఐ

రాకెట్ ముక్కుకీ, దాన్ని గొట్టానికి కట్టి ఉంచే సాగే దారానికీ (షాక్ కార్డు) లంకె వేయడం ఈసారి చెప్పాల్సింది. కానీ పోయిన పాఠం చదివి లగ్గులు (పైకి లేచేటప్పుడు రాకెట్‌ని ప్రయోగ రాడ్ వెంట నడిపే చిన్న గొట్టాలు) అతికించినవాళ్లలో సగంమంది లగ్గు ఊడొచ్చిందంటున్నారు, మిగతా సగం రాకెట్ రాడ్ మీద ఇరుక్కుందంటున్నారు. అది తేలకుండా ముందుకెళ్లలేం.

ఊడొచ్చిందంటే తప్పు జిగురుది కాదు. రంగు వేశాక అతికించారు. జిగురు రంగుని పట్టుకుంది, రంగు రాకెట్ అట్ట గొట్టాన్ని వదిలేసింది. "ఇంకా గట్టి జిగురు ఏదండీ?" అని మళ్లీ అడక్కండి. లగ్గు కూర్చునే మేర 220 నంబరు గరుకు కాగితంతో అట్ట కనపడేదాకా రుద్దండి. అట్ట లగ్గుకి చెక్కపని జిగురు చాలు. ప్లాస్టిక్ లగ్గయితే దాని అడుగు కూడా రుద్ది ఎపాక్సీ వాడండి.

ఇరుక్కోవడం దగ్గరే నాకు ఒళ్లు మండేది. రెండు లగ్గులూ ఒకే గీత మీద ఉండాలని చెప్పాను. "కంటికి సరిగ్గానే ఉంది సార్" అంటారు. గుండ్రటి గొట్టం మీద కంటిని నమ్మకూడదు. L ఆకారం అల్యూమినియం పట్టీలో గొట్టాన్ని పడుకోబెట్టి, పట్టీ అంచు వెంబడే పెన్సిల్ గీత లాగండి. 1/8 అంగుళం రాడ్‌కి కొవ్వొత్తి రుద్ది, రెండు లగ్గుల్లోంచీ దూర్చి ఉంచే అతికించండి. జిగురు పట్టేలోపు రాడ్‌ని మధ్యమధ్యలో తిప్పుతూ ఉండండి. గట్టిగా ఉంటుందని మూడో లగ్గు పెట్టినవారికి: రెండు ఎప్పుడూ ఒక గీతలోకి వస్తాయి, మూడోది పేచీ పెడుతుంది. తీసేయండి. లగ్గులోకి జిగురు పోతే తవ్వకండి, కోసి కొత్తది పెట్టండి. రెండు ముక్కల రాడ్ అయితే అతుకు దగ్గర వేలితో తడిమి, గరుకుంటే నున్నగా రుద్దండి.

ఇంత గొడవ దేనికంటే, రాడ్ వదిలేటప్పటికి తగిన వేగం లేకపోతే రెక్కలకి గాలి పట్టు దొరకదు, రాకెట్ పక్కకి తిరుగుతుంది. రాడ్‌ని నిలువుగా పట్టుకుని రాకెట్‌ని పైనుంచి వదలండి. సొంత బరువుతో కిందిదాకా జారాలి. మధ్యలో ఆగిందా, ఆ రోజుకి ప్రయోగం లేదు.

చిన్న రాకెట్లకి నేనైతే మోటరుతో సహా అటూ ఇటూ వాలకుండా తూగే చోట ఒకే పొడవాటి లగ్గు పెట్టేస్తాను.

ఇక స్క్రూ ఐ, అంటే షాక్ కార్డు కట్టడానికి కొసన కన్నులాంటి వలయం ఉన్న మర. బాల్సా (తేలిక చెక్క) ముక్కుకే ఇది. ప్లాస్టిక్ ముక్కుకి కొక్కెం అచ్చులోనే వస్తుంది. చేత్తో తిప్పి దింపండి, బయటికి తీయండి, రంధ్రంలో పల్చటి సూపర్ గ్లూ ఒక చుక్క వేసి గట్టిపడనివ్వండి. తర్వాత చెక్క జిగురు పూసి మళ్లీ బిగించండి. ఆ కన్ను మూతి దగ్గర సందు లేకుండా పట్టకారుతో నొక్కడం మరవద్దు. సీ6-5 మోటరులో ఇంధనం అయిపోయిన 5 సెకన్లకి ఎజెక్షన్ చార్జి (పారాచ్యూట్‌ని బయటికి తోసే మందు) ముక్కుని తన్నినప్పుడు, షాక్ కార్డు ఆ సందులోంచే జారిపోతుంది. పారాచ్యూట్‌కి చేపల గాలాల షాపులో దొరికే స్నాప్ స్వివెల్ (గిర్రున తిరిగే చిన్న కొక్కెం) తగిలిస్తే తాళ్లు మెలిపడవు. బరువైన రాకెట్లకి నేను వాడను, ముడే వేస్తాను.

అభ్యాసం: స్క్రూ ఐకి లీటరు నీళ్ల సీసా కట్టి రాత్రంతా వేలాడదీయండి. ఇంకో పాత గొట్టం మీద ఒక లగ్గు రంగు మీద, ఒకటి రుద్దిన చోట, ఒకటి వట్టి అట్ట మీద అతికించి, మర్నాడు పట్టకారుతో పీకండి. అట్టని చీల్చుకుంటూ వచ్చినవే పాసు.