కుక్క తవ్వేస్తున్న పూలమడికి జాలీ

బంతి నారు నాటిన మర్నాడే మొక్కలు వేళ్లతో సహా పైకి తేలాయి. కారణం ఎముకల పొడి ఎరువు. ఆ వాసనకే కుక్క తవ్వుతుంది, తింటే కడుపూ పాడవుతుంది. దాని బదులు బాగా చివికిన ఆకుల ఎరువు కలిపాను. తర్వాత 1 అంగుళం కన్నులున్న కోళ్ల జాలీ మడి మీద పరిచి, మొక్కల చోట 4 అంగుళాల వెడల్పున కత్తిరించి, తెగిన తీగ కొనలన్నీ కిందికి వంచాను. ఇది మాత్రం మరవకండి, లేకపోతే పంజా చీరుకుపోతుంది. పైన 2 అంగుళాల మట్టి కప్పాను. గోరు తీగకు తగలగానే కుక్క వెనక్కి తగ్గింది. తవ్వడం దాని స్వభావం, పాపం. అందుకే నీడలో 3 అడుగుల ఇసుక గుంట తీసి, దాని బొమ్మను సగం పూడ్చి పెట్టాను. మడి పక్కన గన్నేరు ఉంటే తీసేయండి, ఆకు నమిలినా కుక్కకు విషమే.