బ్యుటాడయీన్ లైన్లలో పాప్‌కార్న్ పాలిమర్ పెరగకుండా ఏం చేయాలి

బ్యుటాడయీన్ ముడిసరుకుగా వాడే సింథటిక్ రబ్బరు ప్లాంటులో కొత్తగా చేరినవాళ్లు ముందు అడిగేది టీబీసీ (పాలిమర్ తయారవకుండా బ్యుటాడయీన్‌లో కలిపే ఇన్హిబిటర్ రసాయనం) డోసు ఎంత అని. నేను మాత్రం వాళ్ల చేతికి పీ అండ్ ఐడీ డ్రాయింగ్ (పైపులు, పరికరాలు చూపే పటం) ఇచ్చి, లైన్ల వెంట నడిచి, ఫ్లో లేని చోట్లన్నీ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకు రమ్మంటాను.

పైపుల్లో తయారయ్యే పాలిమర్ రెండు రకాలు. హీట్ ఎక్స్ఛేంజర్ ట్యూబులకి జిగురుగా అతుక్కునే మెత్తటి రబ్బరు పాలిమర్ ఒకటి. అది విసిగిస్తుంది, అంతే. భయపడాల్సింది రెండోదానికి, అదే పాప్‌కార్న్ పాలిమర్. తెల్లగా, గట్టిగా, గుల్లగా పేలాల్లా ఉంటుంది, సాల్వెంట్‌లో కరగదు. ఒక్క గింజ మిగిలినా చాలు, చుట్టూ ఉన్న బ్యుటాడయీన్‌ని లాక్కుని పెరిగిపోతుంది. చోటు చాలకపోతే స్టీలు పైపునే చీల్చేస్తుంది.

2019 నవంబరు 27న టెక్సస్‌లోని పోర్ట్ నెచెస్‌లో జరిగింది ఇదే. ఒక పంపును నాలుగు నెలలకి దగ్గరగా ఆపి ఉంచారు. దాని సక్షన్ లైను డెడ్ లెగ్‌గా (ఫ్లో లేని పైపు ముక్కగా) మిగిలి, లోపల పాప్‌కార్న్ పెరిగి పగిలింది. నిమిషం లోపే దాదాపు 6,000 గ్యాలన్ల లిక్విడ్ బ్యుటాడయీన్ బయటికొచ్చి పేలింది.

అందుకే స్టాండ్‌బై పంపుని వంతులవారీగా నడపండి. నడపడం కుదరకపోతే వాల్వు మూసి వదిలేయొద్దు. లైను ఖాళీ చేసి, మెయిన్ హెడర్‌కి వీలైనంత దగ్గర బ్లైండ్ (పైపుని పూర్తిగా మూసే ప్లేటు) వేయించండి. బైపాస్‌లు, లెవెల్ గేజ్ ట్యాపింగులు, ఒత్తిడి పెరిగితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు కింది పైపు ముక్క కూడా లిస్టులో ఉండాలి. రిలీఫ్ వాల్వు దగ్గర పాప్‌కార్న్ పేరుకుంటే అవసరానికి అది పని చేయదు. నా లెక్కలో మొదట చూడాల్సింది అదే.

టీబీసీ మంచిదే, కానీ అది లిక్విడ్‌లోనే ఉంటుంది. బ్యుటాడయీన్ మరిగేది మైనస్ 4.4 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఆవిరితో పాటు టీబీసీ పైకి రాదు కాబట్టి, డిస్టిలేషన్ కాలమ్ పైభాగంలో చల్లబడి కారే చుక్కకి రక్షణ ఉండదు. ఆవిరిలోకి వెళ్లే డీఈహెచ్ఏ లాంటి ఇన్హిబిటర్ అక్కడ వేరుగా కావాలి. ట్యాంకు అడుగున తీసిన శాంపిల్ బాగుందంటే పైన కూడా బాగున్నట్టు కాదు.

గింజలు మొదలయ్యేది ఎక్కువగా ఆక్సిజన్ వల్ల ఏర్పడే పెరాక్సైడ్లతో. తుప్పు దానికి తోడవుతుంది. షట్‌డౌన్ తర్వాత నైట్రోజన్‌తో పర్జ్ చేసి (లోపలి గాలిని బయటికి తోసేసి), ఆక్సిజన్ రీడింగ్ చూశాకే ఫీడ్ తీసుకోండి. అంతకు ముందే సోడియం నైట్రైట్ ద్రావణంతో పాసివేషన్ (లోపలి లోహం చురుగ్గా స్పందించకుండా చేయడం) పూర్తవ్వాలి. ప్రొడక్షన్ వాళ్లు తొందరపెడతారు, పెట్టనివ్వండి.

ఎక్స్ఛేంజర్ తెరిచేటప్పుడు పాప్‌కార్న్ ఆరనివ్వకూడదు, గాలి తగిలి దానంతట అదే అంటుకోవచ్చు. తెరిచిన క్షణం నుంచీ నీళ్లు చల్లుతూ ఉండాలి, ఇనుప ఉలితో గీకొద్దు, హైడ్రోజెట్ (ఒత్తిడితో కొట్టే నీటి ధార) వాడండి. వచ్చిన ముక్కలు చెత్తకుప్పలోకి కాదు, నీళ్లు నింపిన డ్రమ్ములోకి వెళ్లాలి. పారబోసేదాకా నీటి మట్టం చూసే పని షిఫ్టులో ఒకరికి పేరు రాసి అప్పగించండి.