అనంతపురం మిద్దె మీద ఎరువు డబ్బా: సమస్యలు, పరిష్కారాలు

వంటింటి చెత్తతో ఎరువు చేయడం గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పేది "తడి ఎక్కువ కానివ్వకండి" అనే. వానలు బాగా పడే చోట అది సరైన మాటే. అనంతపురంలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు, వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఇక్కడ మిద్దె మీద డబ్బా పెట్టినవాళ్లు మధ్యలో మానేయడానికి ఎక్కువసార్లు కారణం తడి లేకపోవడమే. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

నెలలు గడిచినా తొక్కలు తొక్కల్లాగే ఉన్నాయి

చెత్తను కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు నీళ్లు కావాలి. చెత్త ఎండిపోతే వాటి పని ఆగిపోతుంది. డబ్బా మధ్యలో నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనబడితే తడి సరిపోయింది. నీళ్లు కారితే ఎక్కువైంది. ముద్ద కట్టకుండా పొడిపొడిగా రాలిపోతే మీ సమస్య దొరికినట్టే.

అలాగని పైనుంచి బకెట్ నీళ్లు కుమ్మరించకండి. బాగా ఎండిన చెత్త నీళ్లు పట్టదు, అవి అంచుల వెంట జారి అడుగుకు పోతాయి. మొత్తం కింద పరిచి, బియ్యం కడిగిన నీళ్లు చల్లుతూ చేత్తో కలపండి. పుల్లబెట్టిన మజ్జిగ ఒక చెంబుడు పోస్తే ఇంకా మంచిది. మళ్లీ నింపాక పైన తడి గోనెసంచి కప్పి, డబ్బాను మెట్ల కిందికో నీళ్ల ట్యాంకు నీడకో మార్చండి. మట్టికుండ వాడేవాళ్లు ఒకటి గమనించాలి: కుండ గోడల గుండా తడి ఆవిరైపోతుంది. వానాకాలంలో అది మేలే కానీ, ఏప్రిల్, మే నెలల్లో కుండ చుట్టూ తడి గోనె చుట్టక తప్పదు.

వాసన వస్తోంది

ఏ వాసనో చూడండి. కుళ్లిన గుడ్డు వాసన అయితే లోపల గాలి ఆడడం లేదు. ముక్కులో ఘాటుగా గుచ్చుకుంటే అది అమ్మోనియా, అంటే పచ్చి చెత్త ఎక్కువై ఎండు చెత్త తక్కువైందని. పుచ్చకాయల కాలంలో ఈ రెండూ కలిసే వస్తాయి. ఆ తొక్కల్లో ఉండేది దాదాపు నీళ్లే కాబట్టి చిన్న ముక్కలు కోసి, ఒక పూట ఎండబెట్టి వేయండి.

రెంటికీ మందు ఒకటే. చెత్తను తిరగేసి ఎండు సరుకు కలపాలి. ఈ విషయంలో మన జిల్లా అదృష్టం శెనక్కాయ పొట్టు. కాయలు ఒలిచాక దాన్ని చెత్తబుట్టలో పారేయడం చూస్తే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది. ఒక పొర వంటింటి చెత్తకు ఒక పొర పొట్టు వేస్తే తడిని పీలుస్తుంది, సందులు ఉంచి గాలి ఆడనిస్తుంది. అయితే పొట్టు గట్టిది, అలాగే వేస్తే త్వరగా కుళ్లదు. గోనెసంచిలో పోసి కాళ్లతో తొక్కి నలగ్గొట్టండి. ఎండాకాలమైతే, వాసన లేని డబ్బాలో వేసే పొట్టును ఒక రాత్రి నానబెట్టండి. పొట్టు లేకపోతే రాలిన వేప, కానుగ ఆకులు చాలు. వాటిని కుప్ప చేసి తగలబెట్టకండి.

లావుపాటి పురుగులు కనబడ్డాయి

బూడిద రంగులో, గట్టిగా ఉంటే అవి చాలావరకు బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లపురుగులు. చెత్తను వేగంగా తినేస్తాయి, కుట్టవు. చూడలేకపోతే పైన రెండంగుళాల మందాన ఎండాకు కప్పండి. తెల్లటి బూజు దారాలు కనబడినా భయం లేదు, పని జరుగుతోందని అర్థం.

చీమలు పట్టాయి

లోపల ఎండిపోయింది. తడపండి.

ఎలుకలు, పిల్లులు చేరుతున్నాయి

ఎముకలు, మాంసం, నూనె కూరలు మానేయండి. మిగిలిన సంగటి కొంచెమైతే చిదిపి లోపలికి కలిపేయవచ్చు.

ఎరువు వేశాక మొక్క పసుపుపచ్చగా మారింది

ఎరువు ఇంకా మాగలేదు. సగం కుళ్లినది మట్టిలోని నత్రజనిని తానే వాడేసుకుంటుంది. దాన్ని తిరిగి డబ్బాలో పోసి ఇంకో మూడు వారాలు ఆగండి. తర్వాత గుప్పెడు ఎరువు తీసి అందులో నాలుగు మెంతులు చల్లి చూడండి. బాగా మొలకెత్తితే మూడు వంతుల మట్టికి ఒక వంతు చొప్పున కలిపి కుండీలకు వేసుకోవచ్చు.