అలంకారాన్ని గుర్తుపట్టడం ఎలా?

ఆదివారం ఆబిడ్స్ కాలిబాటపై దొరికే పాత వ్యాకరణ పుస్తకాల్లో అలంకారాల నిర్వచనాలు కొల్లలుగా ఉంటాయి గాని, వాటిని కంఠస్థం చేసినంత మాత్రాన పద్యంలో అలంకారం కంటబడదు. ముందుగా వాక్యాన్ని పైకి చదివి, మాటలకు బదులు పర్యాయపదాలు వేసి చూడాలి; అందం పోతే అది శబ్దాలంకారం, నిలిస్తే అర్థాలంకారం. "గుట్ట మీది గుడిలో గంట గణగణ మోగింది" అన్నచోట గకారం పదేపదే వినిపించడమే వృత్త్యనుప్రాస. గుట్టను కొండగా, గుడిని ఆలయంగా మార్చగానే ఆ సొగసు పోతుంది.

అర్థాలంకారాల్లో ఉపమపై ఎక్కువ సమయం వెచ్చించడం మంచిది. "హుస్సేన్ సాగర్ వెన్నెల్లో అద్దంలా మెరుస్తున్నది" అనే వాక్యంలో హుస్సేన్ సాగర్ ఉపమేయం, అద్దం ఉపమానం, మెరవడం సమానధర్మం, "లా" ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కనుక ఇది పూర్ణోపమ, వీటిలో ఏది లోపించినా లుప్తోపమ. ఇదే పోలికను "హుస్సేన్ సాగర్ అనే అద్దంలో చంద్రుడు ముఖం చూసుకుంటున్నాడు" అని చెబితే భేదం చెరిగిపోయి రూపకమవుతుంది. "ఇది నేలమీద పరచిన అద్దమేమో" అని ఊహిస్తే ఉత్ప్రేక్ష.

విద్యార్థులు (ఒకప్పుడు నేనూ) తరచుగా జారేది ఇక్కడే: "వలె", "లా", "అట్లు" కనిపించగానే ఉపమ అని రాసేస్తారు. "అమ్మ చెప్పినట్లు చేశాను" అనే వాక్యంలో అసలు పోలికే లేదు. గోల్కొండ బురుజులు చుక్కలను తాకుతున్నాయంటే అతిశయోక్తి అని ఎవరికైనా తెలుస్తుంది. శ్లేషకు మాత్రం నిఘంటువు దగ్గర పెట్టుకోవాలి, ఎందుకంటే మాటకున్న రెండర్థాలూ ఆ వాక్యంలోనే పొసగాలి.