మైపాడు ఎదుటి సముద్రానికి ఒక చిన్న కంప్యూటర్ నమూనా: పైనీటి ఋతుచక్రాన్ని లెక్కగట్టే పద్ధతి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో సముద్రపు పైనీటి వేడి, ఉప్పదనం ఏడాది పొడవునా ఎలా మారుతాయో కంప్యూటరులో లెక్కగట్టాలనుకునేవారు మొదటి రోజే పెద్ద నమూనాల జోలికి పోకూడదని నా అభిప్రాయం. కాస్త పైథాన్, ఇంటర్మీడియట్ స్థాయి భౌతికశాస్త్రం తెలిసినవారు మామూలు లాప్‌టాప్‌లోనే ఒక చిన్న నమూనాను కట్టవచ్చు. అది మన తీరపు స్వభావాన్ని పట్టుకున్నదో లేదో కూడా వారే స్వయంగా పరీక్షించుకోవచ్చు. హేచరీలలో పనిచేసేవారికీ, డిగ్రీ విద్యార్థులకూ ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

ముందు దత్తాంశం కావాలి. అమెరికా సంస్థ నోవా ఉచితంగా ఇచ్చే ఓఐఎస్ఎస్టీ అనే సముద్ర ఉష్ణోగ్రతల సంకలనం 1981 సెప్టెంబరు నుంచి రోజువారీగా దొరుకుతుంది. ఇందులో సముద్రాన్ని చదరపు గదులుగా విడదీసి ఒక్కో గదికి ఒక విలువ ఇస్తారు. ఒక్కో గది వెడల్పు పావు డిగ్రీ, అంటే మన దగ్గర సుమారు 27 కిలోమీటర్లు. గదుల నడిమి బిందువులు 80.125, 80.375 తూర్పు రేఖాంశాలుగా ఉంటాయి. మైపాడు తీరం దాదాపు 80.18 దగ్గర ఉన్నది కనుక మొదటి గదిలో నేల, నీరు కలిసిపోతాయి. కాబట్టి 14.375 ఉత్తర అక్షాంశం, 80.375 తూర్పు రేఖాంశం ఉన్న గదిని ఎంచుకోండి. అది పూర్తిగా నీటిమీదే ఉంటుంది. 1991 నుంచి 2020 వరకు తీసుకుంటే 10,958 రోజుల విలువలు వస్తాయి. ఈ దత్తాంశం దొరికే నెట్‌సీడీఎఫ్ రకం ఫైళ్ల నుంచి ఆ ఒక్క గదిని ఎక్స్‌అర్రే అనే పైథాన్ ఉపకరణంతో కోసి పక్కన పెట్టుకుంటే కొన్ని వందల కిలోబైట్లకు మించదు.

ఆ 30 ఏళ్లను రెండుగా విడదీయాలి. 1991–2010 మధ్య 7,305 రోజులతో నమూనాను కట్టి, 2011–2020 మధ్య 3,653 రోజులను చివరి పరీక్షకు ముట్టుకోకుండా దాచండి. ఈ క్రమశిక్షణ లేకపోతే ఎంత అందమైన వక్రరేఖ వచ్చినా దాన్ని నమ్మడానికి ఆధారం ఉండదు.

మొదటి నమూనా భౌతికశాస్త్రం లేని వట్టి గణితం. సగటు విలువ, ఏడాదికి ఒకసారి తిరిగే సైన్, కొసైన్ తరంగం, ఏడాదికి రెండుసార్లు తిరిగే మరొక జత, వీటికి తోడు నెమ్మదిగా పెరిగే ఒక సరళరేఖ: మొత్తం ఆరు గుణకాలు. వాటిని కనిష్ఠ వర్గాల పద్ధతిలో, అంటే తప్పుల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా, కనుక్కోవాలి. సముద్రం దీర్ఘకాలంగా వేడెక్కుతున్నది కనుక ఆ సరళరేఖ అవసరం. రెండో తరంగ జత ఎందుకంటే, మన అక్షాంశం మీద సూర్యుడు ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు మధ్యలో మరొకసారి నడినెత్తికి వస్తాడు. అయితే వేసవిలో నిర్మలాకాశం, మెల్లని గాలి కలిసి నీటిని బాగా వేడిచేస్తే, నైరుతి కాలంలో మబ్బులు ఎండను ఆపి, గాలి ఆవిరిని పెంచి ఆ వేడిని తగ్గిస్తాయి. సెప్టెంబరు–అక్టోబరులో గాలి తగ్గగానే నీరు మళ్లీ కొంత కోలుకుంటుంది, ఈశాన్య గాలులతో జనవరి నాటికి చల్లబడుతుంది. ఒక్క తరంగంతో సరిపెడితే ఈ రెండో శిఖరం మాయమై వానాకాలపు అంచనా అంతా పక్కకు జరుగుతుంది.

తరంగాలు ఏమి జరుగుతుందో చెబుతాయి కానీ ఎందుకు జరుగుతుందో చెప్పవు. అందుకు రెండో నమూనా కావాలి. సముద్రపు పైభాగంలో గాలి కలియదిప్పిన నీరు దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉండే పొరను మిశ్రమ పొర అంటారు. దాన్ని ఒక గంగాళంగా ఊహించి, వచ్చే వేడి, పోయే వేడి లెక్కించడమే పని. చదరపు మీటరుకు 100 వాట్ల నికర వేడి 30 రోజులపాటు చేరితే అది 25.92 కోట్ల జౌళ్లు. పొర మందం 20 మీటర్లయితే, ఘనమీటరుకు 1025 కిలోల సాంద్రత, కిలోకు 3990 జౌళ్ల విశిష్టోష్ణం చొప్పున, ఆ నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 8.18 కోట్ల జౌళ్లు కావాలి. ఒకదానితో ఒకటి భాగిస్తే నెలకు 3.2 డిగ్రీల పెరుగుదల. అదే పొర 50 మీటర్లుంటే 1.3 డిగ్రీలే. ఎండ ఒక్కటే అయినా పొర మందాన్ని బట్టి ఋతువు ఎంత మారిపోతుందో ఈ చిన్న లెక్కలో కనిపిస్తుంది. కాగితం మీద ఒకసారి చేసి చూడకుండా కోడ్ రాయవద్దని కోరుతున్నాను.

వేడి లెక్కకు యూరోపియన్ వాతావరణ అంచనాల కేంద్రం వారు గత వాతావరణాన్ని గంటగంటకూ తిరిగి లెక్కగట్టి ఇచ్చే ఈఆర్ఏ5 దత్తాంశం వాడవచ్చు. ఇక్కడ మూడు చోట్ల జాగ్రత్త పడాలి. వేడి విలువలు వాట్లలో కాక గంటకు పోగైన జౌళ్లలో ఉంటాయి కనుక 3600తో భాగించాలి. ఇది మరిస్తే నీరు ఒక్క రోజులో వందల డిగ్రీలు వేడెక్కుతుంది కాబట్టి పొరపాటు వెంటనే బయటపడుతుంది. గుర్తుల విషయం అలా కాదు. అందులో కిందికి వచ్చే వేడి ధనాత్మకం కనుక ఆవిరి ద్వారా పోయే వేడి ముందే ఋణ సంఖ్యగా ఉంటుంది. నేను మొదటిసారి దాన్ని మరొకసారి తీసివేయడంతో జనవరిలో నీరు చల్లబడవలసింది వేడెక్కసాగింది. తప్పు ఎక్కడుందో తెలియడానికి చాలా రోజులు పట్టింది. మూడోది సమయం: ఆ గంటలు గ్రీనిచ్ కాలమానంలో ఉంటాయి, మన సమయం ఐదున్నర గంటలు ముందుంటుంది.

ఎండ మొత్తం పైపొరలోనే ఆగదన్న సంగతి కూడా నమూనాకు చెప్పాలి. బాగా తేటగా ఉన్న నీటిలో 10 మీటర్ల లోతు దాటి పోయే వెలుతురు దాదాపు 27 శాతం, మసకబారిన నీటిలో 6 శాతమే. పెన్నకు వరద వచ్చినప్పుడు ఊటుకూరు దగ్గర సముద్రం ఎర్రగా మారడం చూసినవారికి ఈ తేడా వివరించనక్కరలేదు.

అసలు కష్టమూ, అసలు ఆసక్తీ అక్టోబరు నుంచి జనవరి వరకు ఉంటాయి. నైరుతి కాలం ముగిశాక తూర్పు తీర ప్రవాహం దక్షిణ ముఖం పడుతుంది. గంగా–బ్రహ్మపుత్రల మంచినీరు ఉత్తర బంగాళాఖాతం నుంచి మన తీరం వెంబడి కిందికి దిగుతుంది. దానికి గోదావరి, కృష్ణల నీరూ, ఈశాన్య ఋతుపవనాల వానా తోడవుతాయి. ఉప్పు తక్కువైన ఆ తేలిక నీరు పైన పలుచని మూతలా పరుచుకుని, కింది నీటితో కలవదు. చలిగాలికి ఆ మూత మాత్రమే త్వరగా చల్లబడుతుంది. దాని కింద వెచ్చని, ఉప్పు ఎక్కువైన నీరు మిగిలిపోతుంది. సాధారణంగా కింది నీరు కలిస్తే పైనీరు చల్లబడాలి, ఇక్కడ శీతకాలంలో వెచ్చబడవచ్చు. కేవలం ఉష్ణోగ్రత ఆధారంగా పొర మందం నిర్ణయించే నమూనా ఈ నెలల్లో తప్పకుండా తప్పుతుంది. కాబట్టి పొర మందాన్ని ఉప్పదనం కూడా కలిసిన సాంద్రత ఆధారంగా నిర్ణయించాలి. ఇందుకు 2000 మీటర్ల లోతు వరకు మునిగి, సుమారు పది రోజులకొకసారి పైకి వచ్చే ఆర్గో తేలియాడే పరికరాల కొలతలు పనికివస్తాయి. భారతదేశపు ఆర్గో దత్తాంశాన్ని హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ అందిస్తుంది.

తీరానికి దగ్గరలో మాత్రం ఆర్గో రాదు, ఉపగ్రహపు ఉప్పదనం కొలతలు నేల ప్రభావంతో చెడిపోతాయి. అక్కడ బకెట్టే మంచి పరికరం. జువ్వలదిన్నె, కొత్తపట్నం వంటి చోట్ల వేకువన వెళ్లే పడవవారి సహాయంతో, పొద్దు పొడవకముందే నీరు తోడించి, నిమిషంలోపే నీడలో థర్మామీటరు చదివి, సమయమూ స్థలమూ రాయించండి. పగటి ఎండకు పైపైన వేడెక్కిన పలుచని పొర వల్ల మధ్యాహ్నపు కొలత మోసం చేస్తుంది. ఉప్పదనానికి రొయ్యల చెరువుల దగ్గర వాడే రిఫ్రాక్టోమీటర్ చాలు, కానీ దాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకు సరిచేయాలి. తీరగ్రామాల్లో బోరు నీటిలోనే ఉప్పు ఉంటుంది కనుక దానితో సరిచేస్తే ప్రతి కొలతా తక్కువగా వస్తుంది. మరొక సంగతి: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో మరపడవలు కదలవు, సరిగ్గా నీరు అత్యంత వేడిగా ఉండే రోజులవే. ఆ ఖాళీని నిషేధం వర్తించని తెడ్డు పడవల నుంచి ముందే ఏర్పాటు చేసుకొని నింపాలి.

ఇప్పుడు దాచిన పదేళ్లను బయటికి తీయండి. మీ నమూనా రెండు సులభమైన ప్రత్యర్థులను గెలవాలి: ఆ తేదీకి ఉండే దీర్ఘకాల సగటు ఒకటి, ఈ రోజు ఎంత ఉందో నెల తరువాతా అంతే ఉంటుందనే ఊహ మరొకటి. తప్పుల సగటును ఏడాది మొత్తానికి ఒకే అంకెగా కాక నెలలవారీగా వేసి చూడండి. ఏప్రిల్‌లో బాగా గెలిచి నవంబరులో ఓడిపోయే నమూనా ఉప్పదనాన్ని సరిగా పట్టలేదని అర్థం. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ వంటి తుపాన్ల రోజులను విడిగా గుర్తించి, వాటితో ఋతు గుణకాలను సవరించకండి. ఇలాంటి నమూనా వేటకు వెళ్లాలా వద్దా అని చెప్పడానికి కాదు. ఆ నిర్ణయానికి ఇన్‌కాయిస్ అలల హెచ్చరికలు, వాతావరణ శాఖ తుపాను ప్రకటనలే ఆధారం కావాలి.

ఇది కుదిరిన తరువాతే ప్రవాహాలను కూడా లెక్కించే రోమ్స్ వంటి త్రిమితీయ నమూనాకు వెళ్లండి. ఒక కిలోమీటరు గదులు, 100 మీటర్ల లోతు తీసుకుంటే పైనీటి అల సెకనుకు 31 మీటర్లు పోతుంది. కనుక ఆ అలను లెక్కించే కాలపు అడుగు, అంటే లెక్క ఒక్కోసారి ముందుకు జరిగే సమయం, సుమారు 32 సెకన్లకు మించితే విలువలు అదుపు తప్పి లెక్క పేలిపోతుంది. ఉత్తర సరిహద్దును కృష్ణా ముఖద్వారానికి పైనే ఉంచి, అక్కడి నుంచి వచ్చే ఉప్పదనాన్ని నెలనెలా ఇవ్వండి, లేకపోతే మన తీరానికి మంచినీరు చేరదు. నమూనా కుదురుకోవడానికి సమయం పడుతుంది కనుక మొదటి ఏడాది ఫలితాలను పూర్తిగా వదిలేసి, రెండో ఏడాది అక్టోబరు నుంచి మీ బకెట్ కొలతల పక్కన పెట్టి చూడండి.