మూడు చక్రాల బుల్లెట్ సస్పెన్షన్ – 3వ భాగం: కొనే ముందు కొలత

పోయిన భాగంలో బుల్లెట్ పక్కన తగిలించిన సైడ్‌కార్ చక్రం టో-ఇన్, అంటే ఆ చక్రం ముందువైపు బండి పక్కకు కాస్త తిరిగి ఉండటం, సరిచేశాం. అది ఇంకా చేయనివాళ్లు ముందు ఆ పని పూర్తిచేయండి. చక్రాలు వంకరగా ఉంటే ఎంత ఖరీదైన షాకబ్జర్లు వేసినా బండి పక్కకు లాగడం మానదు. సైడ్‌కార్‌ను ఆర్సీలో ఎక్కించుకునే ఉంటారని అనుకుంటున్నా. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉన్నది ఇలాంటి మార్పుల గురించే.

ఈసారి వెనక షాకబ్జర్లు చూద్దాం. అంగడికి పోవడం తర్వాత, ముందు టేపు తీయండి.

మామూలు బండి మలుపులో వంగుతుంది. సైడ్‌కార్ బండి వంగదు, కాబట్టి బరువు ఒక పక్కకు తోసుకొస్తుంది. మన దగ్గర సైడ్‌కార్ ఎడమ పక్కన ఉంటుంది కదా. భాకరాపేట ఘాట్‌లో ఎడమ మలుపు తిరిగారనుకోండి, బరువు కుడివైపుకి, అంటే బండి చక్రాల మీదికి వస్తుంది. వెనక స్ప్రింగులు మెత్తనైతే బండి కుడికి కుంగి, సైడ్‌కార్ చక్రం తొందరగా గాల్లోకి లేస్తుంది. అందులో మనిషి లేకపోతే ఇంకా తొందరగా. మొదటిసారి లేచినప్పుడు పై ప్రాణాలు పైనే పోతాయి.

నాది పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. వెనక చక్రం పైకీ కిందికీ ఆడే దూరం 80 మి.మీ., ప్రీలోడ్‌కి, అంటే స్ప్రింగును ముందే కాస్త నొక్కి ఉంచే రింగుకి, అయిదు మెట్లు. వెనక కుంగుతోందని నేను రింగును అయిదో మెట్టుకు తిప్పేసి, మా ఆవిడను సైడ్‌కార్‌లో కూర్చోబెట్టుకుని కాణిపాకం బయల్దేరాను. స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ వెనక టంగుమని చప్పుడు. పూతలపట్టు వచ్చేసరికి ఆమె "తిరిగి వచ్చేటప్పుడు నేను బస్సులో వస్తా" అనేసింది. కాణిపాకం స్వామి ముందు ప్రమాణం చేయమన్నా చేస్తా, తప్పు నాదే.

ఎందుకంటే ప్రీలోడ్ తిప్పితే స్ప్రింగు గట్టిపడదు. చాలామంది మెకానిక్‌లు కూడా గట్టిపడుతుందనే చెబుతారు. నిజానికి బండి ఎత్తు పెరుగుతుంది, అంతే. ఒక కిలోకి స్ప్రింగు ఎంత నొక్కుకుంటుందో అది మారదు. పైగా మరీ బిగిస్తే, చక్రం గుంతలోకి దిగడానికి చోటు మిగలదు. ఆ టంగుమనే చప్పుడు అదే.

ఇక కొలవండి. తోడుగా ఇంకొకరు ఉండాలి. రింగును మొదటి మెట్టులో పెట్టండి. ఫ్రేమ్ కింద జాకీ పెట్టి వెనక చక్రం నేలను వదిలేదాకా ఎత్తండి. యాక్సిల్ నట్టు నుంచి నేరుగా పైన సీటు కింద ఒక బోల్టు దాకా కొలిచి రాసుకోండి. నాకు 480 మి.మీ. వచ్చింది. జాకీ దించి, ఖాళీ బండి మీద 474. అంటే 6 మి.మీ. కుంగింది. తర్వాత నేనెక్కి, ఆమె సైడ్‌కార్‌లో కూర్చుని, సామాను కూడా పెట్టాక 436. మొత్తం 44 మి.మీ. ఉన్న 80లో సగానికి పైగా నిలబడిన చోటే అయిపోయింది. ఇక గుంతకి ఏం మిగులుతుంది?

ఒక జాగ్రత్త. రాపిడి వల్ల షాకబ్జర్ ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంది. సీటును కిందికి నొక్కి మెల్లగా వదిలి ఒకసారి, పైకి ఎత్తి మెల్లగా వదిలి ఇంకోసారి కొలిచి, రెండిటి సగటు తీసుకోండి.

నిండు బరువుతో, చక్రం ఆడే మొత్తం దూరంలో మూడో వంతు దాకా కుంగితే చాలు. 80కి అది దాదాపు 27. ఖాళీ బండి కుంగుదల కూడా చూడాలి, అసలు గుట్టు అక్కడే ఉంది. నిండు బరువు కొలత సరిగ్గా వచ్చి, ఖాళీ బండి అసలు కుంగకపోతే మీ స్ప్రింగు మెత్తన, ప్రీలోడ్‌తో మోసం చేస్తున్నారన్నమాట. నిండు కొలత సరిగ్గానే ఉండి ఖాళీ బండే బాగా కుంగిపోతే స్ప్రింగు మరీ గట్టిది. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ కాగితం మీద గీసుకుంటే అర్థమవుతుంది.

ఎంత గట్టిది కావాలి? ఇంట్లో బియ్యం మూటలు ఉంటాయిగా, 25 కిలోలవి రెండు. వెనక యాక్సిల్‌కి సరిగ్గా పైన వచ్చేలా సీటు మీద పెట్టండి. నా బండి 17 మి.మీ. దిగింది. 50ని 17తో భాగిస్తే మి.మీ.కి దాదాపు 3 కిలోలు. ఖాళీకీ నిండుకీ మధ్య నా తేడా 38 మి.మీ. ఉండాల్సిన 27లో ఖాళీ బండి కుంగుదలకు 3 వదిలితే మిగిలేది 24. 38ని ఆ 24కి తేవాలంటే 38ని 24తో భాగించాలి. ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ గట్టిదనం కావాలి. అంగడిలో అడగాల్సింది ఈ లెక్కే. "బరువుకు తగ్గది ఇవ్వన్నా" అంటే వాళ్లు ఎత్తైనది చేతిలో పెడతారు. ఎత్తు మారితే సైడ్‌కార్ అలైన్‌మెంట్ మళ్లీ మొదటికొస్తుంది.

పాత షాకబ్జర్‌కి గట్టి స్ప్రింగు మాత్రం తగిలించకండి. గట్టి స్ప్రింగు గట్టిగానే వెనక్కి తంతుంది. దాన్ని ఆపే ఆయిల్ డాంపింగ్ కూడా అంతకు తగ్గట్టు ఉండాలి. లేకపోతే బండి ఒక్క గుంతకి మూడుసార్లు ఊగుతుంది. స్ప్రింగు, డాంపర్ కలిసిన జతనే అడగండి.

ఈ వారం పని: మూడు కొలతలు, మూటల లెక్క కాగితం మీద రాసి ఉంచుకోండి. సైడ్‌కార్ చక్రం దగ్గర కూడా ఖాళీగా ఒకసారి, మనిషిని కూర్చోబెట్టి ఒకసారి కొలవండి. వచ్చే భాగంలో ముందు ఫోర్క్ విప్పుతాం, అప్పుడు ఈ అంకెలు కావాలి.