డికాషన్ మొరాయిస్తోందా? పొడి మార్చే ముందు ఇవి చూడండి

ఫిల్టర్ కాఫీ కుదరకపోతే మనం మొదట తప్పు పట్టేది పొడిని. కంపెనీ మారుస్తాం, కాఫీలో కలిపే చికోరీ పాళ్ళు మారుస్తాం, రెండు వారాలు తిరిగేసరికి మళ్ళీ అదే గొడవ. నా అనుభవంలో లోపం చాలాసార్లు ఫిల్టర్ చిల్లుల్లోనో, నీళ్ళలోనో, మన తొందరలోనో ఉంటుంది. కింద చెప్పినవి ఒక్కొక్కటిగా సరిచేసి చూడండి. పొడీ నీళ్ళూ పాలూ ఒకే రోజు మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ముందు కొలత. 25 గ్రాముల పొడికి 150 మి.లీ. నీళ్ళు. పొడి తన బరువుకి దాదాపు రెండింతల నీళ్ళు పీల్చుకుంటుంది కాబట్టి కిందికి దిగేది 100 మి.లీ. దగ్గర ఉంటుంది. మూడు గ్లాసులకి సరిపోతుంది.

డికాషన్ దిగడమే లేదు

పొద్దున్నే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. పది నిమిషాలైనా కింది గిన్నెలో నాలుగు చుక్కలు కూడా ఉండవు.

మొదట పై గిన్నెని గుడ్డతో పట్టుకుని కొంచెం పైకెత్తి మళ్ళీ పెట్టండి. రెండు గిన్నెలూ బిగుతుగా కూర్చుంటే కింద ఉన్న గాలి బయటికి పోయే దారి ఉండదు. గాలి పోకపోతే డికాషన్ దిగదు. ఒక్కసారి కదిపితే చాలాసార్లు చుక్కలు మొదలవుతాయి.

అప్పటికీ దిగకపోతే పొడిని ఎలా సర్దారో గుర్తు చేసుకోండి. కాడ ఉన్న చిల్లుల బిళ్ళతో పొడిని గట్టిగా అదిమేసే అలవాటు చాలామందికి ఉంది. అదమకండి. గిన్నెని పక్కనుంచి రెండుసార్లు తట్టి పొడిని సమం చేసి, బిళ్ళని దాని మీద ఊరికే ఆనించండి, అంతే. చికోరీ ఎక్కువున్న పొడి తడిస్తే బంకలా అవుతుంది, దాన్ని అదిమితే ఇక నీటికి దారే లేదు.

రోజురోజుకీ ఆలస్యం పెరుగుతోందంటే మాత్రం చిల్లులు పూడుకుపోయాయని అర్థం. ఖాళీ గిన్నెని కిటికీ వెలుగుకి ఎదురుగా పట్టుకుని చూడండి. చిల్లులన్నీ చుక్కల్లా మెరవాలి. సగం నల్లగా కనిపిస్తే వేడినీళ్ళలో వంటసోడా వేసి రాత్రంతా నానబెట్టి, పొద్దున బ్రష్‌తో తోమండి. స్టీలు ఫిల్టరైతే, బాగా ఆరిన తరువాత చిల్లుల వైపుని సన్నటి మంట మీద కాసేపు తిప్పితే ఇరుక్కున్న పొడి కాలి రాలిపోతుంది. పాతకాలపు ఇత్తడి ఫిల్టర్‌ని మాత్రం మంట మీద పెట్టవద్దు. లోపలి కళాయి తగరం, 232 డిగ్రీలకే కరుగుతుంది. అమ్మమ్మల నాటి వస్తువు చేజేతులా పాడవుతుంది.

ఇక విదేశాల్లో ఉన్నవాళ్ళ సంగతి. అక్కడి సూపర్ మార్కెట్లో ఎస్ప్రెసో మెషీన్ కోసం ఆడించిన పొడి దొరుకుతుంది. అది మన ఫిల్టర్‌కి మరీ మెత్తన. దానితో డికాషన్ దిగదు, దిగినా గ్లాసు అడుగున బురదలా మడ్డి మిగులుతుంది. గింజలు కొని ఆడించుకునే వీలుంటే, చేతికి సన్నటి రవ్వకీ పిండికీ మధ్యలో తగిలేలా ఆడించుకోండి.

రెండు నిమిషాల్లోనే దిగిపోయింది, నీళ్ళలా ఉంది

పొడి మరీ బరకగానో, తక్కువగానో ఉండి ఉండాలి. రెండూ కాకపోతే నీళ్ళు పోసే తీరు చూడండి. ఒకేచోట ధారగా పోస్తే పొడిలో గుంట పడి, నీళ్ళు ఆ దారినే జారిపోతాయి, చుట్టూ ఉన్న పొడి సారం దిగకుండా మిగిలిపోతుంది. బిళ్ళ మీద పడేలా గుండ్రంగా పోయండి. మొదట మూడు చెంచాల నీళ్ళతో పొడిని తడిపి అర నిమిషం ఆగండి. తాజాగా వేయించిన పొడైతే అందులోని గాలి బుడబుడమంటూ బయటికి వస్తుంది. తరువాత మిగతా నీళ్ళు. పదిహేను ఇరవై నిమిషాల్లో దిగితే అది సరైన డికాషన్.

చేదు

చిక్కదనాన్నీ చేదునీ ఒకటిగా చూస్తాం కానీ, రెండూ వేరు. చేదుకి పెద్ద కారణం డికాషన్‌ని పొయ్యి మీద పెట్టి మరిగించడం. చల్లారిందని దాన్ని వేడి చేయవద్దు. పాలని బాగా కాచి అందులో కలపండి, లేదా డికాషన్ గిన్నెని వేడినీళ్ళలో కాసేపు ఉంచండి. తెర్లుతున్న నీళ్ళు కూడా నేరుగా పోయకండి. స్టవ్ ఆపి, ఒక అర నిమిషం ఆగి పోస్తే చాలు.

అయినా చేదు తగ్గకపోతే అప్పుడు ప్యాకెట్ తిప్పి చూడండి. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని మన దేశంలో నిబంధన. అంటే 49 శాతం దాకా చికోరీ ఉండొచ్చు. చికోరీ వేయించిన వేరు, అందులో కెఫీన్ ఉండదు, రంగూ చిక్కదనమూ ఇస్తుంది. నా నోటికి 80-20 సరైన పాళ్ళు. గింజల్లోనూ తేడా ఉంది: రోబస్టాలో కెఫీన్ అరబికా కంటే దాదాపు రెట్టింపు, చేదూ ఎక్కువే. మృదువుగా కావాలంటే అరకు అరబికా వాడి చూడండి. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాలు ఎక్కువ పోసుకునేవాళ్ళు అందులో కొంచెం రోబస్టా కలుపుకోవాలి, లేకపోతే రుచి పాలలో మునిగిపోతుంది.

పొడి అదే, ఇల్లు మారాక రుచి చప్పబడింది

దీనికి నేను నెల రోజులు పడ్డ తిప్పలు ఇంకెవరూ పడకూడదని రాస్తున్నాను. హైదరాబాద్‌లోనే ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఇంకో దానికి మారాం. రెండో రోజు నుంచే కాఫీ మట్టిలా, జీవం లేకుండా ఉంది. మూడు రకాల పొడులు మార్చాను, పాలవాడిని కూడా మార్చాను. చివరికి నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర చూశాక విషయం తెలిసింది. పాత ఇంట్లో మంజీరా నీళ్ళు, ఇక్కడ బోరు. కాఫీకి చురుకునిచ్చేది అందులోని సన్నటి పులుపు. బోరు నీళ్ళలోని సున్నపు లవణాలు ఆ పులుపుని చంపేస్తాయి. తాగే నీళ్ళతో కాఫీ పెట్టిన రోజే పాత రుచి తిరిగొచ్చింది. మీ ఇంట్లో సబ్బు సరిగ్గా నురగ రాకపోతే కాఫీకి ఆ నీళ్ళు వాడకండి.

వాసన లేదు

పొడి పాతబడింది. ఆడించిన పొడి వాసన రోజుల్లోనే తగ్గుతుంది కాబట్టి అరకిలో ఒకేసారి తేవద్దు, పది రోజులకి సరిపడా పట్టించుకోండి. గాలి చొరని స్టీలు డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచండి. రోజూ తీసే డబ్బాని ఫ్రిజ్‌లో పెడితే తీసిన ప్రతిసారీ పొడికి చెమ్మ పడుతుంది.

కలిపాక పాలు విరిగాయి

డికాషన్‌కి సహజంగానే కాస్త పులుపు ఉంటుంది. నిలవ పాలు ఆ పులుపుకి తట్టుకోలేవు. ముందు ఒక చెంచా పాలలో నాలుగు చుక్కల డికాషన్ కలిపి చూడండి, విరిగితే తప్పు పాలదే. విరగకపోతే డికాషన్ రాత్రిదేమో చూసుకోండి. వేసవిలో బయట ఉంచిన డికాషన్ తెల్లారేసరికి పులుస్తుంది. రాత్రే దింపుకునే అలవాటుంటే, చల్లారగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున వాడేయండి. రెండోసారి నీళ్ళు పోసి దింపిన పలచటి డికాషన్‌ని మొదటి డికాషన్‌తో కలపవద్దు, విడిగా ఉంచి అప్పటికప్పుడు వాడుకోండి.